బడికి చెప్పలే

ఆ అమ్మాయి ‘పారిశ్రామికీకరణ’ అన్న మాట దగ్గర ఆగింది. ఇంకోసారి ప్రయత్నించి, నావైపు చూసి, పుస్తకం మూసేసింది. అది తొమ్మిదో తరగతి. 2013లో కొత్తకోట దగ్గరి ఒక పల్లెలో నేను సోషల్ టీచర్ని. అప్పటికది మహబూబ్‌నగర్ జిల్లాయే, వనపర్తి జిల్లా 2016లో వచ్చింది.

దసరా దాటితే ఊరు సగం ఖాళీ అయ్యేది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా పుణె, బొంబాయి, హైదరాబాదు. చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఆడపిల్లలూ వెంట వెళ్లాలి. 2009 విద్యాహక్కు చట్టం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమంది, పోయిన చదువును ప్రత్యేక శిక్షణతో పూడ్చమనీ అంది. చేర్చుకున్నాం. పూడ్చలేదు, నాతో సహా. ‘బేస్ లేదు’ అని స్టాఫ్‌రూంలో అనేసి టీ తాగేవాళ్లం.

చదువుకునే రోజుల్లో ‘మనకు తెలియని మన చరిత్ర’ (స్త్రీశక్తి సంఘటన, 1986) చదివి, చరిత్రను ఆడవాళ్లను అడిగి కూడా రాయొచ్చని నేర్చుకున్నదాన్ని. ఆ ధైర్యంతోనే పుస్తకం పక్కన పెట్టాను. ఉమ్మడి బీళ్లకు కంచెలు పడ్డాక ఇంగ్లండు పల్లె జనం మాంచెస్టరు మిల్లులకు పోయారని చెబుతుంటే, “ఆళ్లకు గూడ మేస్త్రీ ఉంటుండెనా మేడం?” అంది అదే అమ్మాయి. తరగతంతా లేచి కూర్చుంది. మీ అవ్వలు ఎక్కడెక్కడ పని చేశారో, కూలి ఎంతో, పసిపిల్లల్ని ఎవరు చూశారో అడిగి రాసుకు రమ్మన్నాను.

ఆ అమ్మాయి పేజీన్నర రాసుకొచ్చింది. నిండా తప్పులే, కానీ ఒక్క ముక్క కూడా అర్థం కాకపోలేదు. శ్రీశైలం డ్యామ్ కాడ అవ్వ రాళ్లు మోసింది. (1963లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యామ్ నీళ్లలో తర్వాత పాలమూరు ఊళ్లే మునిగాయి.) బిడ్డను చీర ఉయ్యాలలో వేసి మోసింది. ఆమె కూలి తాత చేతికే ఇచ్చేవాళ్లు. అడిగితే దెబ్బలు.

పొంగిపోయి తరగతిలో చదివి వినిపించాను. అమ్మాయి తల ఎత్తలేదు. మర్నాడు అవ్వ బడికొచ్చింది.

“పిల్లకు చెప్పుకున్న టీచరమ్మా. బడికి చెప్పలే. మా ముసలాయన గొట్టిన ముచ్చట ఊరంత తెల్వాల్నా?”

వ్యక్తిగతమే రాజకీయం అని మనం ఎన్ని వేదికల మీద అనలేదు? అయితే మనం ఎప్పుడు నోరు విప్పాలో, ఎంతవరకు చెప్పాలో మనమే తేల్చుకుంటాం, కింద సంతకం కూడా పెడతాం. అవ్వకు ఆ వీలు నేను ఇవ్వలేదు. పిల్లల్లో ఆసక్తి పుట్టించడానికి ఆమె దెబ్బలు నాకు ఎరగా పనికొచ్చాయి. మా నాయనమ్మ పదహారేళ్లకు విధవై, బతుకంతా వెనక గదిలో గడిపింది. ఆ కథ నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు, చెప్పాలని తోచనైనా లేదు. మా ఇంట్లో దాన్ని పరువు అంటారు. కూలివాళ్లింట్లో అదే నాకు పాఠంగా కనిపించింది.

క్షమించమన్నాను. ఏం చేయమంటావని అడిగాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, “ముసలాయన ముచ్చట తీసెయ్. రాళ్లు మోసింది ఉండనీ. మేం కట్టినమని రాయి” అంది.

తీసేశాం. కూలి ఎవరి చేతికి పోయిందన్న వాక్యమూ దాంతోపాటే పోయింది. చరిత్ర రాసేవాళ్లెవరికైనా ఆ పేజీలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. తీసేసి మంచిపని చేశానా అని ఇప్పటికీ కొన్నిసార్లు అనిపిస్తుంది. ఇక్కడ మళ్లీ రాస్తున్నానంటే, ఊరిపేరూ మనిషిపేరూ లేకపోతే చాలని నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నట్టే కదా. అవ్వను అడుగుదామంటే ఆమె లేదు.

పేజీన్నర రాసినంత మాత్రాన ఆ అమ్మాయికి పాఠ్యపుస్తకం చదవడం రాలేదు. అది వేరే పని, రోజూ చేయాల్సిన పని. బడి వదిలాక ఆపి, అవ్వ పేజీతోనే ఒత్తులూ గుణింతాలూ దిద్దించడం మొదలుపెట్టాను. ఒకరోజు పాఠ్యపుస్తకం తెరిచి చాలాసేపు చూసి, “ఇండ్ల ఉన్నోళ్లను గూడ అడిగే రాసిండ్రా మేడం?” అంది.

అందరినీ అడిగి ఉండరన్నాను. ‘పారిశ్రామికీకరణ’ను ముక్కలుగా విడగొట్టి బోర్డు మీద రాశాను. ఆమె మొదటి ముక్క చదివింది.