నచ్చిన పాటకు సాక్షి

1978 సెప్టెంబరులో ఒక రాత్రి బీబీసీ రేడియో 1లో వ్యాఖ్యాత జాన్ పీల్ ఒక పాట వేశారు. అది అయిపోగానే అదే పాటను మళ్లీ మొదటి నుంచి వేశారు. రేడియోలో సాధారణంగా ఎవరూ అలా చేయరు. పాట పేరు ‘టీనేజ్ కిక్స్’. పాడింది ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ కుర్రాళ్లు, బృందం పేరు ‘ది అండర్‌టోన్స్’. రికార్డు విడుదల చేసింది పేరున్న కంపెనీ కాదు. బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్న రోజుల్లో, అక్కడే రికార్డుల దుకాణం నడుపుకుంటున్న టెరీ హూలీ ‘గుడ్ వైబ్రేషన్స్’ పేరుతో పెట్టుకున్న చిన్న లేబుల్. పట్టుమని రెండున్నర నిమిషాల పాట. రెండుసార్లు వేయడాన్ని మించిన సమీక్ష దానికి అక్కర్లేకపోయింది. కొద్ది రోజుల్లోనే అమెరికాకు చెందిన ‘సైర్’ కంపెనీ ఆ కుర్రాళ్లతో ఒప్పందం చేసుకుంది.

పెద్ద కంపెనీల అండ లేకుండా పుట్టే ఇలాంటి సంగీతాన్నే ఇవాళ ఇండీ అంటున్నాం. 1967లో రేడియో 1 మొదలైనప్పటి నుంచి 2004లో చనిపోయే దాకా, 37 ఏళ్లు, పీల్ దాన్ని వెతికి వినిపించారు. పంక్ పక్కన రెగే, దాని పక్కన జింబాబ్వే గిటార్లు, ఆ వెంటనే ఎవరో ఇంట్లో కూర్చుని క్యాసెట్‌లో రికార్డు చేసి పోస్టులో పంపిన పాట. వీటి మధ్య మధ్యలో ఆయన ఇల్లు కూడా వినిపించేది. సఫోక్‌లో గ్రేట్ ఫిన్‌బరో అనే పల్లె, భార్య షీలా, నలుగురు పిల్లలు, ఆ పిల్లల పేర్లలోకి కూడా దూరిన లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు. పొరపాటున రికార్డును తప్పు వేగంలో తిప్పితే ఆ సంగతీ చెప్పేసేవారు. 1998 నుంచి రేడియో 4లో శనివారం ఉదయాలు ‘హోమ్ ట్రూత్స్’ అనే కార్యక్రమం నడిపారు. అందులోనైతే అన్నీ ఇంటి సంగతులే.

ఒక పాట బాగుందని చెప్పడానికి చెప్పేవాడి సంసారం ఎందుకు? వినేవాడికి కావాల్సింది పాట. పీల్ ఇంట్లో ఎవరేం చేశారో తెలిస్తే గిటారు శ్రుతి పెరగదు, తెలియకపోతే తగ్గదు. ఈ అభ్యంతరం చిన్నదేమీ కాదు. దీని వెనక పెద్ద తత్వమే ఉంది.

దాదాపు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు భరతుడి నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, రసానుభూతికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడని లెక్క చెప్పాడు. సొంత సుఖదుఃఖాలకు లొంగిపోయి ఉండటం వాటిలో ఒకటి. కొడుకుకి జ్వరంగా ఉన్నవాడు నాటకశాలలో ముందు వరసలో కూర్చున్నా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. నటుడు ఏడ్చినప్పుడు అతను ఏడ్చేది కొడుకు కోసమే. ఈ లెక్క ప్రకారం సొంత బతుకు రసానికి శత్రువు. పాట చెప్పేవాడు తన ఇంటి గోడు దానికి తగిలించాడంటే వినేవాడి దారిలో రాయి వేసినట్టే.

అయితే అభినవగుప్తుడు విఘ్నం చెప్పి ఊరుకోలేదు, విరుగుడు కూడా చెప్పాడు. సొంత దిగులులో మునిగినవాణ్ని అందులోంచి లాగడానికి ఆయన పేర్కొన్న సాధనాల్లో పాట ఉంది, వాద్యం ఉంది, అలంకరించిన మండపం ఉంది. ప్రేక్షకుడు తన కష్టాన్ని గుమ్మం బయట విడిచి రావాలని ఆయన షరతు పెట్టలేదు. మోసుకునే వస్తాడని ఆయనకు తెలుసు. ఆ బరువు దించే పనిని సంగీతానికి అప్పజెప్పాడు. విఘ్నాల పట్టికను మాత్రమే చదివి, కళకూ బతుకుకూ మధ్య గోడ కట్టినవాళ్లు ఆ రెండో మాటను మరిచిపోతున్నారు.

ఇక రెండో చిక్కు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్లు సర్దుకుంటారు. 1790లో వచ్చిన తన గ్రంథంలో తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ అలా సర్దుకోలేదు. ఫలానా ద్రాక్షసారా బాగుందంటే ‘నాకు’ బాగుందనే అర్థం, అక్కడితో సరి. కాని ఒక వస్తువు అందంగా ఉందని ఎవరైనా అన్నారంటే, మిగతావాళ్లూ ఒప్పుకోవాలని మనసులో ఆశిస్తున్నారన్నమాట. ఆశించగలరే గాని నిరూపించలేరు. ఎవరైనా తన కవిత చదివి వినిపించి, అది నచ్చకపోతే, పేరున్న విమర్శకులందరినీ, వాళ్లు పెట్టిన నియమాలన్నిటినీ సాక్ష్యానికి తెచ్చినా సరే, తాను చెవులు మూసుకుంటానని కాంట్ రాశాడు. అందం విషయంలో తర్కంతో ఎవరి మెడా వంచలేం.

నిరూపించలేం. అలాగని చెప్పకుండా ఉండలేం కూడా. కొత్త పాట తగిలిన రాత్రి ఎవరికో ఒకరికి వినిపిస్తే గాని నిద్ర పట్టని స్థితి సంగీతం ఇష్టపడే ప్రతివారికీ తెలుసు. భగవద్గీత పదో అధ్యాయంలో భక్తుల లక్షణంగా చెప్పింది కూడా ఇదే తీరు: వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ, అందులోనే తృప్తి పొందుతూ, అందులోనే ఆనందిస్తారట. నిరూపణ చేతకాని చోట, మౌనం కుదరని చోట, మిగిలేది సాక్ష్యం.

సాక్ష్యం గురించి మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, బాగా ఆలోచించారు. ఆప్తుడి మాట కూడా ప్రత్యక్షం, అనుమానం లాగే జ్ఞానానికి ఒక ప్రమాణం అన్నారు. ఆప్తుడంటే ఎవరు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు రెండు గుణాలు చెప్పాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమే అని కూడా రాశాడు. ఆయన కాలానికి అది ఎంత విశాలమైన మాటో! కులాన్ని బట్టి కాదు, ఊరిని బట్టి కాదు, చెప్పేవాడి నిజాయితీని బట్టి మాటకు విలువ.

పీల్ ఇంటి సంగతులకు ఇక్కడ పని దొరుకుతుంది. తప్పు వేగంలో తిప్పిన రికార్డు గురించి దాచని మనిషి, నచ్చని పాటను నచ్చిందని చెప్పడని శ్రోతకు నమ్మకం కుదురుతుంది. ఆయన దగ్గర దాదాపు 26 వేల ఎల్పీ రికార్డులు ఉండేవి. ఒక్కోదానికి ఒక కార్డు. దాని మీద అంకె, బృందం పేరు, పాటల పట్టిక టైపు చేసి ఉండేవి, మనసుకు పట్టిన పాటల పక్కన నక్షత్రం గుర్తు ఉండేది. స్వయంగా విన్నారనడానికి అంతకన్నా రుజువేం కావాలి? పాట గొప్పదనాన్ని ఆ ఇల్లు పెంచలేదు. చెప్పేవాడు ఎలాంటివాడో తేల్చింది, అంతే. తన గురించి ఒక్క ముక్కా చెప్పకుండా, ఎక్కడ నిలబడి వింటున్నాడో తెలియనివ్వకుండా, ‘ఈ దశాబ్దపు ఉత్తమ గీతం’ అని తీర్పు చెప్పే విమర్శకుడి మాట ఎంత గంభీరంగా ఉన్నా, అతను ఆప్తుడో కాదో తేల్చుకునే వీలు మనకు లేదు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వచ్చిన లివర్‌పూల్ అభిమానులు కిక్కిరిసిన జనంలో ఊపిరాడక నలిగిపోయారు. అంతిమ లెక్క ప్రకారం 97 మంది చనిపోయారు. పీల్‌కి అది పేపర్లో చదివి ఊరుకునే వార్త కాదు. ఆ జట్టుతో ఆయన బంధం ఎంతటిదో పిల్లల పేర్లే చెబుతాయి. ఆ దుర్ఘటన తర్వాతి కార్యక్రమంలో ‘యు విల్ నెవర్ వాక్ అలోన్’ పాటను అరీతా ఫ్రాంక్లిన్ గొంతులో వేశారు. మైకు ముందు ఆయన ఏడుపు ఆపుకోలేకపోయారు.

ఆ పాట నడిచొచ్చిన దారి చూడాలి. 1945లో ‘కేరొసెల్’ అనే అమెరికన్ సంగీత నాటకం కోసం రాసిన పాట అది. 1963లో లివర్‌పూల్ బృందం ‘గెరీ అండ్ ది పేస్‌మేకర్స్’ పాడాక లివర్‌పూల్ జట్టు సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో జనం గొంతు కలపడం మొదలైంది. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్ట్ చర్చిలో, ఆరాధన మధ్యలో, అరీతా దాన్ని ప్రార్థనగా మార్చి పాడింది. నాటకం నుంచి మైదానానికి, మైదానం నుంచి చర్చికి, అక్కణ్నుంచి లండన్ స్టూడియోలో దుఃఖంతో మాట పెగలని ఒక మనిషి దగ్గరికి. మైదానంలో పాడుకునే రూపాన్నే వేసి ఉంటే అది లివర్‌పూల్ వాళ్ల శోకంగానే మిగిలేది. పీల్ చర్చిలో పాడినదాన్ని ఎంచుకున్నారు. ఆన్‌ఫీల్డ్ ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా ఆ గొంతు ఆనుతుంది. ఒక్కరి దుఃఖం అందరిదిగా మారడాన్ని మన ఆలంకారికులు సాధారణీకరణం అన్నారు. బతుకును దాచిపెట్టి ఆయన ఆ పని చేయలేదు. బతుకును ముందు పెట్టి, పాటకు దారి వదిలి, తాను తప్పుకున్నారు.

తప్పుకోవడం దగ్గరే చాలామంది విఫలమవుతారు. ‘నాన్న పోయిన రాత్రి ఈ పాటే నన్ను నిలబెట్టింది, విను’ అని స్నేహితుడు పంపితే, ‘బాలేదు’ అని ఎవరనగలరు? అక్కడ పాటను కాదంటే మనిషిని కాదన్నట్టే. వినేవాడి చేతులు కట్టేసి అభిప్రాయం అడగడం అన్యాయం. అలాంటి పాట వచ్చినప్పుడు బాగోగులు తూచడం మానేసి ఆ దుఃఖాన్నే వినాలి, అది వేరే మర్యాద. కాని రోజూ పంచుకునే పాటల్లో వినేవాడికి కాదనే హక్కు ఉండి తీరాలి. పీల్ కార్యక్రమంలో ఆ హక్కు నిర్మాణంలోనే ఉండేది. ఈ పాట నచ్చలేదా, మూడు నిమిషాల్లో దీనికి ఏ పోలికా లేని ఇంకోటి వస్తుంది. ఎవరూ అన్నీ ఇష్టపడాలని ఆయన కోరలేదు.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు అంత ఉపదేశమూ చేసి, వినాలని లేనివాడికి దీన్ని చెప్పవద్దని అర్జునుణ్ని హెచ్చరిస్తాడు. కాంట్ కూడా సంగీతం మీద ఇలాంటి ఫిర్యాదే చేశాడు. అది వద్దన్నవాడి చెవిలో కూడా పడుతుందనీ, జేబులోంచి తీసిన సెంటు రుమాలు చుట్టుపక్కల వాళ్లందరి ముక్కుల మీదా దాడి చేసినట్టేననీ అన్నాడు. సంగీతం విషయంలో కాంట్‌కు అంత సహనం లేదు. అయినా ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. బస్సులో స్పీకరు పెట్టి పాట వినిపించేవాడు తన రుచిని పంచడం లేదు, రుద్దుతున్నాడు.

కాదనే హక్కు వినేవాళ్లకే కాదు, ఇంట్లోవాళ్లకూ ఉండాలి. తన బతుకు చెప్పుకొనేవాడు నిజానికి పక్కవాళ్ల బతుకు కూడా చెబుతున్నాడు. నవ్వే తీరును బట్టి షీలాకు పెట్టిన ఎగతాళి పేరును పీల్ రేడియోలో ఏళ్ల తరబడి వాడారు. పిల్లలు లక్షలమంది శ్రోతల ఎదుట పెరిగారు. చెప్పే గొంతు ఒకటే అయినప్పుడు, చెప్పబడేవాళ్ల మాట ఎవరు వింటారన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. పీల్ ఎంత మంచివారైనా ఆ ప్రశ్న నుంచి తప్పించుకోలేరు.

2004 అక్టోబరు 25న పెరూలోని కుస్కోలో గుండెపోటుతో ఆయన చనిపోయారు. వయసు 65. రాస్తున్న ఆత్మకథ సగంలో ఆగిపోయింది. మరుసటి ఏడాది ‘మార్‌గ్రేవ్ ఆఫ్ ది మార్షెస్’ పేరుతో అది అచ్చయింది. మిగతా సగం షీలా రాశారు.