నాటిన అడవిలో దైవం

టోక్యోలోని హరజుకు రైల్వే స్టేషనును ఆనుకొని దాదాపు 70 హెక్టార్లలో విస్తరించిన మెయిజీ జింగూ ఆలయవనంలోకి, ‘తోరీ’ అనే ఎత్తైన కొయ్య ద్వారం దాటి అడుగుపెట్టే యాత్రికునికి అది నగరం పుట్టకముందునుంచీ ఉన్న అడవి అనిపిస్తుంది గానీ, దాని వయస్సు నూరేళ్లకు కొంచెమే ఎక్కువ. 1912లో మరణించిన మెయిజీ చక్రవర్తినీ, 1914లో మరణించిన ఆయన పట్టమహిషి షోకెన్‌నూ ‘కామి’గా, అనగా షింటో మతంలో ఆరాధ్యమైన దివ్యసత్తగా, ప్రతిష్ఠించిన ఈ ఆలయం 1920లో వెలసింది, దాని చుట్టూ ప్రజలు సమర్పించిన సుమారు లక్ష మొక్కలను నాటారు.

మనిషి లెక్కవేసి నాటినది పవిత్రం కాగలదా? స్వయంవ్యక్తమైన దైవానికీ, ప్రతిష్ఠితమైన దైవానికీ ఆగమాలు చూపిన భేదం ఎరిగినవారికి ఈ సందేహం కొత్తది కాదు. 18వ శతాబ్దపు జపాను పండితుడు మోతోఓరి నోరినాగా మాత్రం కొండ గానీ, చెట్టు గానీ, మనిషి గానీ, సామాన్యతను మించి మనస్సును విస్మయంతో నింపేది ఏదైనా కామియే అన్నాడు. ఈ నిర్వచనంలో పుట్టుక ప్రసక్తి లేదు. సద్గుణం కూడా తప్పనిసరి కాదు, కనుకనే జపాను రాజ్యం దీనిని సులువుగా వాడుకోగలిగింది. ఆలయపూజను పౌరధర్మంగా మలచిన ఆ వ్యవస్థను యుద్ధంలో జపాను ఓడాక, 1945 డిసెంబరులో మిత్రరాజ్యాల ఆక్రమణ ప్రభుత్వం రద్దు చేసింది.

అడవి కథ వేరు. నిక్కో ఆలయాల వద్ద వలె దేవదారును పోలిన ‘సుగి’ చెట్ల గంభీరవనం కావాలని అప్పటి ప్రధాని ఒకుమా షిగెనోబు పట్టుబట్టగా, ఆ నేలా, నగరపు పొగా సుగికి సరిపడవని అటవీశాస్త్రవేత్త హోండా సెయిరోకు అడ్డుచెప్పి, తమ విత్తనాలతో తామే మొలిచి, మనిషి చేయి అక్కరలేకుండా తరతరాలు కొనసాగగల సింధూర, కర్పూర వృక్షాల వంటి సతతహరితాలను ఎంచుకున్నాడు. చక్రవర్తిని కామిగా చేసిన రాజ్యం తన పట్టు సడలించడానికి యుద్ధంలో ఓడవలసి వచ్చింది. ఈ వనాన్ని నాటినవారు మాత్రం తమ నిష్క్రమణను ముందే పథకంలో రాసుకున్నారు. నేటికీ బాటమీద రాలిన ఆకులను ఊడ్చి చెట్ల మొదళ్లకే చేరుస్తారు తప్ప బయటికి పోనివ్వరు.

1945 వైమానిక దాడుల్లో ప్రధానమందిరం కాలిపోగా, అడవి చాలావరకు నిలిచింది. 1958లో తిరిగి కట్టిన ఆ మందిరం ఎదుట రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు చరిచి, మరొకసారి వంగే భక్తుణ్ణి, ఆ ప్రణామం చక్రవర్తికా చెట్లకా అని ఎవరూ అడగరు.