గంధం పూత, బార్ చార్ట్

2024 మార్చిలో నేను రాసిన ఒక్క లైను కోడ్ గురించి ఈ వ్యాసం. వైలిమ్ అనే ఆదేశం, పక్కన బ్రాకెట్లో రెండు అంకెలు: 390, 435. ఆ లైను వల్ల డెబ్భై దాటిన ఒక పెద్దావిడ లిఫ్టు దగ్గర నలుగురి ముందు మాటపడాల్సి వచ్చింది.

బెంగళూరులో ఆ ఎండాకాలం ఎలా గడిచిందో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ కోసం రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు చేసుకునేవాళ్లం. తాగే నీళ్లతో కారు కడిగితే ఐదు వేల రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. వర్తూరు దగ్గర మా అపార్ట్‌మెంట్లో నాలుగు బ్లాకులు, బ్లాకుకో మీటరు. ఇంటికి రోజుకు సగటున ఎన్ని లీటర్లు అవుతున్నాయో అందరికీ చూపిస్తే జాగ్రత్తపడతారని అసోసియేషన్ వాళ్లు అనుకున్నారు. నా ఉద్యోగమే డేటా కాబట్టి పటం గీసే పని నాకు వచ్చింది. లెక్క తేలింది: ఏ బ్లాకు 412, బి 405, సి 398, డి 431.

పైథాన్ తెరిచి, అందులో పటాలు గీసే సాధనం మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మామూలుగా గీశాను. నాలుగు నీలం బార్లు వచ్చాయి. దూరం నుంచి చూస్తే నాలుగూ ఒకే ఎత్తు. ఇది చూసి ఎవరు కుళాయి కట్టేస్తారు అనిపించింది. వైలిమ్ లైను రాసి, ఎత్తు కొలిచే వై అక్షాన్ని సున్నాకు బదులు 390 దగ్గర మొదలుపెట్టాను. డి బార్‌కు ఎర్ర రంగు వేసి, మిగతా మూడింటినీ బూడిద రంగులోకి మార్చాను. ఇప్పుడు సి కంటే డి ఐదు రెట్లు పొడుగు. చూడ్డానికి చాలా బాగుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టి పడుకున్నాను.

ఆ పెద్దావిడది హిందూపురం. డి బ్లాకులో కొడుకు దగ్గర ఉంటుంది. భర్తకు పక్షవాతం, రోజూ రెండుసార్లు దుప్పట్లు ఉతకాలి. మర్నాడు పొద్దున ఎవరో ఆవిణ్ణి లిఫ్టు దగ్గర ఆపి, నీళ్లన్నీ మీ బ్లాకువాళ్లే మింగేస్తున్నారని అన్నారట. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ నా ముందు పెట్టి, బొటనవేలు సి బార్ నెత్తి మీద, చూపుడువేలు ఎర్ర బార్ నెత్తి మీద ఆనించి, ఆ ఎడం నాకు చూపించింది.

"ఏమ్మా, మేం ఇంత నీళ్లు పారబోస్తామా?"

ఆవిడ చదవడంలో తప్పు లేదు. బార్ చార్ట్‌ను చదవాల్సింది అలాగే, ఎత్తును ఎత్తుతో పోల్చి. చుక్కలతో గీసిన పటంలో చుక్క ఎక్కడుందన్నది ముఖ్యం కాబట్టి అక్షం ఎక్కడ మొదలైనా నడుస్తుంది. బార్ సంగతి వేరు. దాని పొడవే దాని అర్థం. కింది నుంచి కొంత కోసేస్తే అర్థాన్ని కోసినట్టే. అసలు మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను బార్లను సున్నా మీదే నిలబెడుతుంది. మూర్ఛ రోగుల మెదడు సంకేతాల మీద పనిచేసిన జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్టు 2003లో దాన్ని లోకానికి ఇచ్చాడు. సాధనం నిజమే చెప్పింది. దాని మాట తోసేసి నేను నా లైను రాశాను.

ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో డేటా పటాల మీద రాసిన పుస్తకంలో ఒక కొలత ఇచ్చాడు, లై ఫ్యాక్టర్ అని. పటంలో కనిపించే తేడాను డేటాలో ఉన్న తేడాతో భాగించాలి. ఒకటి వస్తే పటం నిజాయితీగా ఉన్నట్టు. సి నుంచి డికి అసలు పెరుగుదల ఎనిమిది శాతం. నా పటంలో కనిపించింది నాలుగు వందల శాతం పైనే. భాగిస్తే దాదాపు యాభై. ఆ రాత్రి ఈ లెక్క వేసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఆఫీసులో ఒక మిత్రుడికి చెప్పుకుంటే, అంకెలన్నీ నిజమే కదా, అక్షం పక్కన 390 అని ఉంది కదా, అబద్ధం ఎక్కడుంది అన్నాడు. నాకు వెంటనే మహాభారతంలోని ద్రోణపర్వం గుర్తొచ్చింది. భీముడు అశ్వత్థామ అనే, ద్రోణుడి కొడుకు పేరే ఉన్న ఏనుగును చంపాడు. ధర్మరాజు ద్రోణుడితో అశ్వత్థామ చనిపోయాడని పైకి వినబడేలా చెప్పి, ఏనుగన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు. ఒక్కో మాటా విడిగా తీసి చూస్తే అబద్ధం లేదు. అయినా అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన అతని రథం ఆ క్షణంలో నేలకు దిగింది. నా పటంలో 390 అన్న అంకె ఎనిమిది పాయింట్ల సైజులో, లేత బూడిద రంగులో ఉంది. ధర్మరాజు గొంతు తగ్గించిన చోటు అదే. ద్రోణుడు ఏం విన్నాడో దాన్ని బట్టే ధర్మరాజు మాటను తూచారు. పెద్దావిడ వేళ్లు కొలిచినదాన్ని బట్టే నా పటాన్నీ తూచాలి.

నాది మంచి ఉద్దేశమే అనుకుని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. నీళ్లు మిగలాలన్న సంకల్పం మంచిదే. సంకల్పం నాది, అనుభవించింది ఆవిడ.

కొన్ని వారాలు దేనికీ రంగు వేయలేదు, అక్షం ముట్టుకోలేదు. రూపమంతా మాయ, అంకె ఒక్కటే సత్యం అన్న పట్టుదల పట్టాను. అదీ నిలవలేదు. చూసేవాడి చేతికి అందేది రూపమే. పన్నెండు బార్లను పేర్ల వరసలో ఒకే రంగులో పెడితే దేన్ని చూడాలో తెలియక పక్కన పడేస్తాడు. చెప్పకపోవడం కూడా ఒక రకంగా దాచడమే.

మాది గోపాలపట్నం, సింహాచలం కొండ కింద. ఏడాది పొడుగునా ఆ కొండ మీది దేవుడు అప్పన్న గంధం పూతలోనే దర్శనమిస్తాడు. చూస్తే శివలింగంలా ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రం గంధం ఒలిచి నిజరూపం చూపిస్తారు. తర్వాత సహస్ర ఘటాభిషేకం చేసి మళ్లీ గంధం సమర్పిస్తారు. చిన్నప్పుడు క్యూలో నిలబడి, స్వామిని ఎందుకు దాచేస్తారని నాన్నను అడిగాను. "దాచడం కాదమ్మా. గంధం ఉందని అందరికీ తెలుసు కదా" అన్నారు. నాన్న బడిపంతులు, పెద్ద వేదాంతి కాదు. నలభై ఏళ్ల తర్వాత నా ప్రశ్నకు సరిపోయిన జవాబు అదే. పూత ఉందని తెలిసి, దాని కింద ఏముందో చూసే రోజు ఒకటి ఉంటే ఆ పూత అలంకారం. పూత ఉన్న సంగతే తెలియనివ్వకపోతే మోసం. కోడ్‌లో రెంటికీ ఒక లైనే ఖర్చు.

ఇప్పుడు నేను ధైర్యంగా అలంకరిస్తాను. బార్లను పెద్ద నుంచి చిన్నకు వరస పెడతాను. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి హ్యాచ్ ఆదేశంతో బార్ల మీద ఏటవాలు గీతలు వేస్తాను. 2021లో వచ్చిన బార్‌లేబుల్ ఆదేశంతో ప్రతి బార్ నెత్తి మీద దాని అంకె ఎక్కిస్తాను. తేడానే చూపాలంటే తేడాకే బార్ గీస్తాను: సగటు 411.5, డి దానికంటే 19.5 ఎక్కువ. ఆ పటానికీ తన సున్నా ఉంటుంది. విలియం ప్లేఫెయిర్ 1786లో స్కాట్లాండ్ ఎగుమతులూ దిగుమతులూ చూపిస్తూ మొదటి బార్ చార్ట్ అచ్చువేశాక ఎన్ని సొగసులు వచ్చినా, పొడవు సున్నా నుంచే కొలవాలన్నది మారలేదు.

హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1989లో ఒక పుస్తకం వేశారు. దాని పేరు స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్. గణాంకాన్నీ సత్యాన్నీ పేరులోనే పక్కపక్కన నిలబెట్టారాయన. మా కొండకు అంత దగ్గర్లో చదువుకున్న మనిషి. ఆ పేరు మనసులో ఉన్నా నా చేయి ఆ లైను రాసింది, అది మర్చిపోలేను.

పెద్దావిడ వచ్చిన ఆదివారమే కొత్త పటం గీశాను, సున్నా నుంచి. కింద ఒక వాక్యం చేర్చాను: ముందు పంపిన పటం తప్పుదారి పట్టించింది, గీసింది నేనే. నా పేరు, ఫ్లాట్ నంబరు రాశాను. ఒక ప్రింటు తీసుకుని డి బ్లాకుకు వెళ్లి ఆవిడ చేతికిచ్చి క్షమించమన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ అవే రెండు వేళ్లు ఆనించి చూసింది. వేళ్ల మధ్య వరిగింజంత సందు కూడా లేదు. "అయితే అందరం ఒకటేనమ్మా" అంది.

పటాలు గీసే పనిలో ఉన్న పిల్లలు నా దగ్గర నేర్చుకోవడానికి వస్తే ఒకటే అడుగుతున్నాను. ప్రతి పటానికీ రెండు ఫైళ్లు దాచండి, ఏ అలంకారమూ లేనిది ఒకటి, అలంకరించినది ఇంకొకటి. అడిగినవాళ్లకు మొదటిది చూపించండి. నా ఫోల్డర్లలో ఆ మొదటి ఫైలు పేరు నిజరూపం.