తాకకుండా పలికే వాద్యం

వాదకుడి వేలు తగలకుండానే పలికే థెరమిన్‌కు సంగీత వాద్యాలలో ఒక విచిత్రమైన స్థానం ఉంది. రష్యన్ భౌతిక శాస్త్రవేత్త లెవ్ టెర్మెన్ 1920 ప్రాంతంలో రూపొందించిన ఈ వాద్యంలో, చెవికి అందనంత అధిక పౌనఃపున్యంతో, అంటే సెకనుకు లక్షల సార్లు కంపించే రెండు విద్యుత్ డోలకాలు ఉంటాయి. నిలువు కడ్డీకి కుడిచేయి దగ్గరైనకొద్దీ ఒకదాని కంపన వేగం స్వల్పంగా మారి, రెండింటి మధ్య ఏర్పడే తేడాయే స్వరంగా వినిపిస్తుంది. పక్కనున్న లోహవలయం మీద లేచి వాలే ఎడమచేయి నాదపు హెచ్చుతగ్గులను నిర్ణయిస్తుంది. మెట్లు గానీ తంత్రులు గానీ లేనందున స్వరస్థానాన్ని కేవలం చెవితోనే పట్టుకోవలసి రావడం, ఒళ్లు కాస్త కదిలినా శ్రుతి చెదరడం దీనిలోని అసలు కష్టం. 1951 నాటి ‘ద డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ వంటి చిత్రాలు దీనిని గ్రహాంతరవాసుల రాకకు సంకేతంగా వాడుకోవడంతో జనం దృష్టిలో అదొక భయపెట్టే ధ్వనిగా ముద్రపడడం కొంత అన్యాయమే. వయొలిన్ విద్య నుంచి వచ్చిన క్లారా రాక్‌మోర్, వేళ్లను గాలిలోనే అంచెలంచెలుగా విప్పుతూ స్వరకర్త సాన్‌సాన్స్ రచన ‘ద స్వాన్’ను పలికించిన తీరు వింటే, స్వరం నుంచి స్వరానికి జారే గమకం తెలిసిన తెలుగు చెవికి అది పరాయి నాదంగా తోచదు.