తడిసిన ముల్లు సాక్ష్యం

ఇంజిన్ కడిగి స్టార్ట్ చేయగానే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా ఎక్కిందనుకుందాం. చల్లటి ఇంజిన్ అంతలోనే కాగదు. మరి ముల్లు అబద్ధమాడిందా? లేదంటాను. పాతకాలపు ఒంటి వైరు సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. కనెక్టర్ రబ్బరు కింద చేరిన సబ్బునీళ్లు కరెంటుకు అడ్డదారి చూపించినా అంతే. ముల్లు తనకందిన కరెంటును ఉన్నదున్నట్టు చూపింది, దాన్ని వేడి అనుకున్నది మనం. న్యాయదర్శనం పండితులైన నైయాయికులు ఉపాధి (చెప్పకుండా దాగిన షరతు) అన్నది ఇలాంటి చోటే. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనలేం. కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. అక్కడా తడే కావడం తమాషా.

మరి ముల్లు మాట నమ్మాలా, పరీక్షించాలా? జ్ఞానం దానంతటదే ప్రమాణమనీ, బాధకం, అంటే దాన్ని కాదనే జ్ఞానం, ఎదురైతేనే వదులుకోవాలనీ మీమాంసకుడు కుమారిలభట్టు పక్షం. నైయాయికులు బయటి పరీక్ష కావాలంటారు. అయితే పరీక్షకు మళ్లీ పరీక్ష, దానికింకోటి, ఇలా అంతెక్కడ? ఈ ఆక్షేపణ బలమైనదే. కానీ ఊరికే శంకించమని ఎవరన్నారు? శంకకు కారణం ఉండాలి, ఇంజిన్ కడగడం అలాంటి కారణం. 'తడి ఆరితే అదే సర్దుకుంటుంది' అని బండి నడిపేయడం మాత్రం శంక కాదు, ఇంకో గుడ్డినమ్మకం. కూలెంట్ నిజంగానే తగ్గి ఉంటే హెడ్ గాస్కెట్ పోవచ్చు. ఇంజిన్ ఆపి, సెన్సర్ వైరు ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి చూడాలి. ముల్లు కిందికి పడిపోతే మీటరు, వైరు నిర్దోషులు. ఇక అనుమానించాల్సింది తడిసిన కనెక్టర్‌నో, సెన్సర్‌నో, ఇంజిన్‌నే.