మేనరికం సీటు

మేనరికాలు తగ్గిపోతున్నాయని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు నిట్టూరుస్తూ ఉంటారు. వాళ్లకి తెలియని సంగతేమిటంటే, అమెరికాలో కొన్ని పేరుమోసిన కాలేజీలు ఇప్పటికీ మేనరికాలు చేసుకుంటూనే ఉన్నాయి! తల్లో తండ్రో అక్కడ చదివి ఉంటే చాలు, పిల్లల దరఖాస్తు రాగానే "మనవాళ్లేగా" అని ఓ మెట్టు పైకి జరుపుతాయి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'లెగసీ', అంటే వారసత్వం.

1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లూ ఇంజనీర్లూ అక్కడికి దారి పట్టారు. ఏ వారసత్వమూ లేకుండా, ఒక సూట్‌కేసూ డిగ్రీ కాగితాలూ పట్టుకుని దిగినవాళ్లు వాళ్లు. వాళ్ల పిల్లలూ మనవలూ ఇప్పుడు వారసులయ్యారు. అంచేత ఈ ధర్మసంకటం మన ఇళ్లల్లోకీ వచ్చింది.

సంకటమేమిటంటే, చాలా కాలేజీల్లో నవంబరు మొదట్లో 'ఎర్లీ డెసిషన్' కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిసెంబరు మధ్యకల్లా జవాబు వచ్చేస్తుంది. కానీ అలా ఒక్క కాలేజీకే పెట్టాలి. సీటిస్తే చేరి తీరతానని ముందే మాటివ్వాలి. తాంబూలాలు పుచ్చుకున్నట్టే! ఆర్థికసాయం బొత్తిగా చాలకపోతే తప్ప వెనక్కి తగ్గకూడదు. అలా కాక జనవరి ప్రాంతంలో మామూలుగా పెడితే నాలుగైదు కాలేజీలకి పెట్టుకోవచ్చు. మార్చి చివర జవాబులన్నీ పక్కపక్కన పెట్టుకుని నచ్చినది ఎంచుకోవచ్చు.

న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు మొన్న ఫోను చేసింది. "అక్కా, ఆయన చదివిన కాలేజీ. నవంబరులో పెడితేనే ఆ బంధుత్వానికి విలువెక్కువట. ఇదేమో, నాన్న పేరుతో వచ్చే సీటు నాకెందుకంటోంది. నువ్వైనా చెప్పు" అని.

తల్లి మాట తీసిపారేసేది కాదు. హార్వర్డ్ మీద నడిచిన కోర్టు కేసులో కొన్ని లెక్కలు బయటపడ్డాయి. ఆరు సంవత్సరాల విద్యార్థుల్ని చూస్తే, అక్కడ చదివినవాళ్ల పిల్లల్లో నూటికి 33 మందికి పైగా సీట్లు వచ్చాయి. మిగతావాళ్లలో నూటికి ఆరుగురికే. ఇంట్లో చదువూ డబ్బూ కూడా అందుకు కారణాలే అనుకోండి. అయినా ఏ తల్లి ఆశ పడదు?

కూతురి మాటా కొట్టిపారేసేది కాదు. 1920ల్లో యూదుల పిల్లలు పరీక్షల్లో నెగ్గి ఎక్కువమంది వస్తుంటే, వాళ్లని తగ్గించడానికి కొన్ని కాలేజీలు వెతుక్కున్న ఉపాయాల్లో ఇదొకటి. వలస వచ్చినవాళ్ల పిల్లల్ని గుమ్మం బయట ఉంచడానికి పెట్టిన గడియ, ఇవాళ మరో వలస ఇంటి పిల్లకి తలుపు తీస్తోందన్నమాట! జాన్స్ హాప్కిన్స్ 2014లోనూ, ఆమ్‌హర్స్ట్ 2021లోనూ ఈ పద్ధతి మానుకున్నాయి. 2024లో కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీల్లో కూడా దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

మరి ఆ పిల్ల ఏం చెయ్యాలి?

నాకు తోచినంతలో ఇక్కడున్నవి రెండు ప్రశ్నలు. తండ్రి ఎక్కడ చదివాడన్నది ఆ పిల్ల చేసిన పని కాదు. దరఖాస్తులో అడిగితే ఉన్నదే రాయాలి, అందులో సిగ్గుపడవలసింది లేదు. ఆ పక్షపాతం ఉండాలా పోవాలా అన్నది కాలేజీలూ చట్టాలూ తేల్చుకోవలసిన సంగతి. పదిహేడేళ్ల పిల్ల ఒక్కతీ వదులుకున్నంత మాత్రాన ఆ సీటు తిన్నగా ఓ పేదింటి పిల్లకి వెళుతుందన్న భరోసా లేదు.

కానీ నవంబరులో ఇచ్చే మాట ఉంది చూశారూ, అది అచ్చంగా ఆ పిల్లది. మేనరికాల్లో జరిగిన అన్యాయం ఎక్కడుందంటారు? సంబంధం మంచిదే కావచ్చు, బావ బుద్ధిమంతుడే కావచ్చు. "నీకిష్టమేనా అమ్మా?" అని ఎవరూ అడగకపోవడంలోనే ఉంది. మంచి అవకాశం చేజారిపోతుందన్న తొందరలో పెద్దవాళ్లు మొట్టమొదట మరిచిపోయేది ఆ ప్రశ్నే.

ఇంకో మాట. ఎవరెంత సాయమిస్తారో పోల్చి చూసుకోవలసిన ఇళ్ల పిల్లలు మార్చిదాకా ఆగక తప్పదు. ఖర్చు లెక్క చూసుకోకుండా ముందే మాటివ్వగలగడం కూడా ఓ భాగ్యమే. నాన్న పేరు వద్దనే పిల్ల, ఆ రెండో భాగ్యాన్ని కూడా ఓసారి తలుచుకోవాలి.

అందుకే మా చెల్లెలితో, దాన్ని ఒక్కటే అడగమన్నాను. మీ నాన్న ఆ కాలేజీ గుమ్మం ఏనాడూ తొక్కకపోయి ఉన్నా, నవంబరులో ఆ ఒక్కదానికే రాసేదానివా? అవునంటే నిశ్చింతగా రాయనివ్వాలి. "ఏమో" అంటే జనవరిదాకా ఆగనివ్వాలి. ఆగితే సీటు పోవచ్చు. ఆ నష్టం చిన్నదని నేననను, కన్నతల్లికి అసలే అనిపించదు. కానీ ఆ నాలుగేళ్లూ క్లాసులో కూర్చోవలసింది ఆ పిల్లే. వాళ్ల నాన్న చదువు ఎప్పుడో అయిపోయింది.