కోతుల సంగతి ముందే చెప్పి ఉంటే

జెస్సీ గెల్‌సింగర్‌కి అప్పటికి 18 ఏళ్లు నిండి మూడు నెలలు. అమెరికాలో అరిజోనా కుర్రాడు. కాలేయంలో ఒక ఎంజైమ్ సరిగ్గా పనిచేయక, రక్తంలో అమోనియా పేరుకుపోయే జబ్బుతో పుట్టాడు. తిండిలో పథ్యం, రోజూ గుప్పెడు మాత్రలు. అలా నెట్టుకొస్తున్నాడు. అదే జబ్బు తీవ్రంగా ఉన్న పసికందుల్లో చాలామంది బతకరు. వాళ్లకో మందు దొరకాలంటే ముందు ఎవరో ఒకరు తమ ఒంటిమీద పరీక్ష చేయించుకోవాలి. దానివల్ల తన జబ్బు నయం కాదని తెలిసే జెస్సీ ఒప్పుకున్నాడు.

1999 సెప్టెంబర్ 13న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, మంచి జన్యువును మోసుకెళ్లే అడినోవైరస్ రేణువులను సుమారు 38 లక్షల కోట్లు అతని కాలేయానికి వెళ్లే ధమనిలోకి ఎక్కించారు. ఒళ్లంతా ఆ వైరస్ మీద తిరగబడింది. 17వ తేదీన చనిపోయాడు.

అరిజోనాలో ఒక కొండ మీద అస్థికలు గాలిలో కలిపిన రోజున, చికిత్స చేసిన సర్జన్ కూడా అక్కడికొచ్చి ఒక కవిత చదివాడు. తండ్రి పాల్‌కి అప్పటికింకా ఆ వైద్యుల మీద నమ్మకం పోలేదు. ఆ కొండ మీద నిలబడ్డ తండ్రిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టుంటుంది. ఎందుకంటే అసలు సంగతి ఆయనకు తర్వాత తెలిసింది. ఇలాంటి వైరస్‌నే ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు కోతులు చనిపోయాయి. కొడుకు సంతకం చేసిన కాగితంలో ఆ మాట లేదు.

ఆ పరిశోధనకు పెద్ద జేమ్స్ విల్సన్. ఆయన స్థాపించిన కంపెనీకీ ఈ జన్యు చికిత్స రంగంతో లావాదేవీలుండేవి. విచారణలు జరిగాయి, మనుషుల మీద పరీక్షలు చేయకుండా ఆయనపై ఆంక్షలు పెట్టారు. ఆ రంగమే ఏళ్ల తరబడి తల ఎత్తలేదు.

విల్సన్ ప్రయోగశాల మాత్రం వదల్లేదు. కోతుల్లో, మనుషుల్లో ఏ జబ్బూ చేయకుండా నక్కి ఉండే ఏఏవీ అనే చిన్న వైరస్‌ల కోసం ఆయన బృందం వెతికింది. ఏఏవీ-8, ఏఏవీ-9 అలా దొరికినవే. వెన్నుపాము సంబంధిత కండరాల క్షీణత ఉన్న పిల్లలకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన జోల్‌జెన్‌స్మా మందును మోసేది ఈ ఏఏవీ-9. మన ఊళ్లలో 16 కోట్ల ఇంజెక్షన్ కోసం చందాలు అడిగిన పసివాళ్ల ఫొటోలు చూశాం కదా, అదే మందు.

ఒక పిల్లాడి ప్రాణం తీసిన పనిలో భాగమైన చేతులు మళ్లీ అదే పని చేయవచ్చా? చాలాకాలం కూడదనే అనుకున్నాను. విల్సన్ మానేసి ఉంటే ఆ పసివాళ్లకు ఈ మందు ఎప్పటికి దొరికేదో అన్న ఆలోచన నన్ను కదిలించింది. అయినా నా మనసు మార్చింది మందు కాదు, 2018లో వచ్చిన ఒక పరిశోధన పత్రం. ఏఏవీ-9కి దగ్గరి వైరస్‌ను ఎక్కువ మోతాదులో ఇస్తే ఒక కోతికి కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిందనీ, పందిపిల్లలకు నరాలు పాడయ్యాయనీ విల్సన్ బృందమే ప్రచురించింది. ఏఏవీ మీద ఆశలు ఆకాశాన్నంటుతున్న రోజులవి. పెద్ద మోతాదుల గురించిన ఆందోళనతో ఒక కంపెనీ సలహా మండలి నుంచి కూడా ఆయన తప్పుకున్నారు.

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు మనవాళ్లు. నేను నమ్మను. జరిగాక చెప్పుకున్నది జెస్సీకి ఏం పనికొచ్చింది? చెప్పాల్సింది ముందు, సూది గుచ్చకముందు. 1999లో కాగితంలో లేని కోతులు 2018లో పత్రికలోకెక్కాయి. ఆ మధ్యనున్న పందొమ్మిదేళ్లే విల్సన్ అసలు పరిశోధన అంటాను. వైరస్‌లు దాని తర్వాతే.

మందుల పరీక్షలు హైదరాబాద్‌లోనూ జరుగుతాయి. ఎప్పుడైనా మీ ముందో, మీ పిల్లల ముందో అలాంటి అంగీకార పత్రం పెడితే, సంతకానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: జంతువులకు ఇచ్చినప్పుడు ఏమైంది? జవాబు మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పేదాకా కలం తీయకండి.